కంప్యూటర్ సౌండ్‌లో చిటపటలు: విని, విడదీసి, సరిచేసే పద్ధతి

కంప్యూటర్‌లో పాట పెడితే చిటపటమంటోందని ఎవరినైనా అడగండి. మొదట వచ్చే సలహా ‘డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించు’. రెండోది ‘స్పీకర్లు మార్చెయ్’. రెండూ ఒక్కోసారి పనిచేస్తాయి. కానీ లోపం ఎక్కడుందో తెలియకుండా చేసిన పని కాబట్టి, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. మళ్లీ మొదలైతే మళ్లీ మొదటికే వస్తాం.

సౌండ్ రిపేరులో మనకున్న పెద్ద సౌకర్యం ఏమిటంటే, లోపం తనంతట తానే వినిపిస్తుంది. ఆ చప్పుడు ఎప్పుడు వస్తోంది, దేనితో పెరుగుతోంది, ఏం చేస్తే ఆగుతోంది అన్నది శ్రద్ధగా గమనిస్తే సగం పని అయిపోయినట్టే. అందుకే ఇక్కడ మొదటి రెండు అడుగుల్లో ఏ సెటింగూ మార్చం. వింటాం, విడదీస్తాం. ఆ తర్వాతే చెయ్యి పెడతాం. మెనూల పేర్లు విండోస్ 11లో ఉన్నవి. విండోస్ 10 వాళ్లకు దారి కొంచెం అటూ ఇటూగా ఉన్నా, చేరే చోటు ఒకటే. లినక్స్ వాడేవాళ్ల కోసం చివర్లో విడిగా రాశాను.

1. ముందు వినండి

చప్పుళ్లన్నీ ఒక రకం కావు. చిట్... చిట్ అని విడివిడిగా, పొట్టిగా వచ్చేది ఒకటి. పాట మెల్లగా ఉందా, గట్టిగా ఉందా అన్నదానితో దీనికి సంబంధం ఉండదు. పెద్ద ఫైలు కాపీ అవుతున్నప్పుడో, గేమ్ నడుస్తున్నప్పుడో ఎక్కువవుతుంది. సౌండ్ డేటా వేళకు అందకపోతే వచ్చే చప్పుడు ఇది. కోరస్ అందుకున్నప్పుడో, డప్పు దెబ్బ పడినప్పుడో మాత్రమే గొంతు చిరిగినట్టు బరబరమంటే అది క్లిప్పింగ్, అంటే మోతాదు మించిన శబ్దం. వైరు కదిపితేనో, వాల్యూమ్ నాబ్ తిప్పితేనో గరగరమంటే కనెక్షన్ లోపం. ఏ పాటా నడవకపోయినా వెనకాల గుయ్‌మంటూ ఉంటే అది కరెంటు, ఎర్తింగ్ వ్యవహారం. మౌస్ కదిపినప్పుడు, పేజీ స్క్రోల్ చేసినప్పుడు సన్నగా కీచుమనేది కూడా ఈ కోవలోదే. కాసేపు నిశ్శబ్దం తర్వాత, ఏదైనా మోగబోయే ముందు ఒక్క ‘టప్’ వినిపిస్తే సౌండ్ చిప్ నిద్రలోంచి లేస్తోందని అర్థం. ఇక సౌండ్‌తో పాటు మౌస్ పాయింటర్, వీడియో కూడా క్షణంపాటు బిగుసుకుపోతే అసలు లోపం సౌండ్ కార్డుది కాకపోవచ్చు.

పాటలు పెట్టి వీటిని గుర్తుపట్టడం కష్టం. తబలా, తాళాల మధ్య చిన్న చిట్ కలిసిపోతుంది. పైగా గ్రామఫోను రికార్డుల నుంచి ఎక్కించిన పాత పాటల్లో చిటపటలు ఫైల్లోనే ఉంటాయి. అదే ఫైలును ఫోన్‌లో పెట్టినప్పుడు అదే చోట అదే చప్పుడు వస్తే మీ కంప్యూటర్‌కు ఏ దోషమూ లేదు.

అందుకని పరీక్షకు శుద్ధమైన ఒకే స్వరం వాడండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని, జెనరేట్ మెనూలో టోన్ ఎంచుకోండి. వేవ్‌ఫామ్ సైన్, ఫ్రీక్వెన్సీ 440 హెర్ట్జ్, యాంప్లిట్యూడ్ 0.3, నిడివి 5 నిమిషాలు పెట్టి ప్లే చెయ్యండి. స్పీకర్ వాల్యూమ్ తగ్గించి మొదలుపెట్టండి, ఈ స్వరం చెవికి త్వరగా విసుగు తెప్పిస్తుంది. తంబురా శ్రుతిలా నిలకడగా ఉండాల్సిన ఆ స్వరంలో ఒక్క శాంపిల్, అంటే సౌండ్‌ను రాసుకున్న అంకెల్లో ఒక్కటి, తేడా పడినా టిక్‌మని స్పష్టంగా తెలిసిపోతుంది. మొదటి రెండు నిమిషాలు కంప్యూటర్‌ను ముట్టుకోకండి. తర్వాత ఒక పెద్ద ఫైలు కాపీ పెట్టండి, యూట్యూబ్ తెరవండి, విండోను అటూ ఇటూ లాగండి. ఆపై హెడ్‌ఫోన్ పిన్నును మెల్లగా వేళ్లతో తిప్పండి. చివరగా యాంప్లిట్యూడ్ 0.8తో ఇంకో టోన్ తయారుచేసి వినండి. ఏ దశలో చప్పుడు వచ్చిందో కాగితం మీద రాసుకోండి. ఈ చిన్న పరీక్ష చెప్పినంత కచ్చితంగా ఏ ‘ట్రబుల్‌షూటర్’ బటనూ చెప్పదు.

2. తర్వాత విడదీయండి

సౌండ్ కార్డులో డాక్ అనే భాగం ఉంటుంది. దానికి ఇవతల అంతా అంకెలు, అవతల అంతా కరెంటు తరంగం. లోపం ఏ వైపు ఉందో తేల్చుకోవడమే ఈ అడుగు.

అదే టోన్‌ను వేరే దారిలో బయటికి పంపి చూడండి. హెచ్‌డీఎంఐ మానిటర్‌లో స్పీకర్లుంటే అందులో, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఉంటే అందులో, యూఎస్‌బీ హెడ్‌సెట్ ఉంటే అందులో వినండి. అన్ని దారుల్లోనూ చిట్ చిట్ వస్తుంటే లోపం సాఫ్ట్‌వేర్, డ్రైవర్లు, ప్రాసెసర్ వైపు ఉంది. వైర్లు, జాక్‌ల జోలికి వెళ్లక్కర్లేదు, నేరుగా 5, 6 అడుగులకు వెళ్లండి. 3.5 మిల్లీమీటర్ల జాక్‌లో మాత్రమే వస్తుంటే 3వ అడుగుతో మొదలుపెట్టండి.

డెస్క్‌టాప్ అయితే ముందు జాక్, వెనక ఆకుపచ్చ జాక్ రెండూ పోల్చండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. ఇంకా తేలకపోతే ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా ‘ట్రై’ ఎంచుకుని, అందులో పది నిమిషాలు టోన్ నడపండి. అక్కడ శుభ్రంగా ఉంటే హార్డ్‌వేర్ బాగానే ఉన్నట్టు, విండోస్‌లోనే ఏదో తేడా. అక్కడా అదే చప్పుడు ఉంటే విండోస్ మళ్లీ ఎక్కించడం వృథా శ్రమ. ఫార్మాట్ కొట్టించుకుందాం అనుకునేవాళ్లు ముందు ఈ పరీక్ష తప్పకుండా చెయ్యాలి.

ఇక్కడి నుంచి ఒక నియమం పాటించండి. ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ టోన్ వినండి.

3. జాక్, వైరు, నాబ్

పిన్ను తిప్పితే చప్పుడు వచ్చిందంటే మూడు అనుమానాలు: పిన్ను మీద మురికి, వైరు మొదట్లో తెగిన పోగు, జాక్ లోపల వదులైన స్ప్రింగు. వేరే హెడ్‌ఫోన్ పెట్టి చూస్తే మొదటి రెండూ తేలిపోతాయి. కొత్తదానికీ అదే వస్తే జాక్ వైపు చూడాలి.

శుభ్రం చెయ్యడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ గానీ వాడండి. కంప్యూటర్ పూర్తిగా ఆపి, ప్లగ్ పీకి, పిన్నుకు కొద్దిగా తడి అంటించి, జాక్‌లోకి పదిసార్లు తోసి తిప్పి తీయండి. ఆరనిచ్చాక ఆన్ చెయ్యండి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు వాడొద్దు, ఆ జిడ్డు దుమ్మును పట్టి ఉంచుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీర ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులు త్వరగా మసకబారతాయి కాబట్టి అక్కడ ముందు ఈ పని చేసి చూడటం మంచిది. స్పీకర్ నాబ్ తిప్పితే గరగరమనడానికి కారణం దాని లోపలి కార్బన్ ట్రాక్ మీది మురికి. అదే కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క లోపలికి పోనిచ్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా పదిహేను ఇరవై సార్లు తిప్పితే చాలావరకు పోతుంది.

డెస్క్‌టాప్‌లో వెనక జాక్ శుభ్రంగా ఉండి ముందు జాక్ మాత్రమే చప్పుడు చేస్తుంటే క్యాబినెట్ తెరవండి. ముందు జాక్ నుంచి మదర్‌బోర్డు దాకా ఒక సన్నని కేబుల్ వస్తుంది. దాని కొన మీద ‘హెచ్‌డీ ఆడియో’ అని రాసి ఉంటుంది. బోర్డు మీద అది కూర్చునే చోట పది పిన్నుల స్థలంలో ఒకటి ఖాళీగా ఉండి తొమ్మిదే ఉంటాయి. ఆ కేబుల్ గ్రాఫిక్స్ కార్డును, పవర్ సప్లయ్ వైర్లను ఆనుకుని పోతుంటే వాటి విద్యుత్ రొద ఇందులోకి ఎక్కుతుంది. గేమ్ ఆడేటప్పుడు హెడ్‌ఫోన్లో కీచుమనే రొదకు ఇదే పెద్ద కారణం. కేబుల్ తీసి, బోర్డు అంచు వెంబడి దూరంగా తిప్పి, గట్టిగా మళ్లీ కూర్చోబెట్టండి. అలా కుదరకపోతే వెనక జాక్‌కు ఒక పొడిగింపు వైరు తగిలించి వాడుకోవడమే సుఖం.

4. గుయ్‌మనే హమ్

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. కాబట్టి ఎర్తింగ్ లోపం వల్ల వచ్చే హమ్ 50 దగ్గరో, దాని రెట్టింపు 100 హెర్ట్జ్ దగ్గరో వినిపిస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు 60, 120 అవుతుంది. కంప్యూటర్‌కు ఒక దారిలో ఎర్త్, స్పీకర్లకు మరో దారిలో ఎర్త్ ఉండి, ఆ రెంటినీ ఆడియో వైరు కలిపితే ఆ వలయంలో చిన్న కరెంటు తిరుగుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. కంప్యూటర్‌కు టీవీ కూడా కలిపి ఉంటే కేబుల్ టీవీ వైరు మూడో దారి అవుతుంది.

గుర్తుపట్టడం తేలిక. కరెంటుతో నడిచే స్పీకర్లు తీసేసి మామూలు హెడ్‌ఫోన్ పెట్టండి. హమ్ పోతే గ్రౌండ్ లూప్. ల్యాప్‌టాప్‌లో ఛార్జర్ పీకగానే పోతే ఛార్జర్ దారి. ముందుగా కంప్యూటర్, స్పీకర్లు, మానిటర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెండి. చాలా ఇళ్లలో దీంతోనే తీరిపోతుంది. తీరకపోతే ఆడియో వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ కొనండి. లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఇంకేమీ ఉండదు, ఖరీదూ తక్కువే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఆడియో సామాన్ల వీధుల్లో దొరుకుతుంది. బాస్ కొద్దిగా తగ్గినట్టు అనిపిస్తే అది దాని స్వభావం.

ఒక్క పని మాత్రం చెయ్యొద్దు. హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచెయ్యడం గానీ, టేపు చుట్టడం గానీ ప్రాణం మీదికి తెచ్చే పని. క్యాబినెట్ రేకు ముట్టుకుంటే జిల్లుమంటోందంటే అది సౌండ్ సమస్య కాదు, ఇంట్లో ఎర్తింగ్ లేదని హెచ్చరిక. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు మాత్రమే స్పీకర్లు గర్రుమంటే, ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమేమో చూసుకోండి. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ గోల ఉండదు.

5. బరబరమంటే మోతాదు తగ్గించండి

అంకెల్లో సౌండ్‌కు ఒక కప్పు ఉంది. 16 బిట్లలో అయితే 32767 దాటి పైకి పోవడానికి చోటే లేదు. దాటబోయిన తరంగం తల కోసినట్టు అవుతుంది. ఇప్పటి పాటలు చాలావరకు ఆ కప్పు అంచు దాకా నింపే వస్తాయి. దాని మీద మనం ఈక్వలైజర్‌లో బాస్‌ను 6 డెసిబెల్స్ పెంచామంటే ఆ భాగంలో తరంగం ఎత్తు దాదాపు రెట్టింపవుతుంది. మన 440 హెర్ట్జ్ టోన్ ఉన్న భాగాన్ని అంతే పెంచితే, 0.3తో చేసింది 0.6 అయి బతికిపోతుంది. 0.8తో చేసింది 1.6 కావాల్సి వచ్చి తెగుతుంది. మొదటి అడుగులో రెండు టోన్లు చేయించింది ఇందుకే. 0.3 శుభ్రంగా ఉండి 0.8 బరబరమంటే క్లిప్పింగ్ అని తేలినట్టే.

మందు తేలికైనదే. బాస్ ఎంత పెంచారో, ప్రీయాంప్ (ఈక్వలైజర్‌లో మొత్తం మోతాదును మార్చే మీట) అంత తగ్గించండి. 6 పెంచితే మైనస్ 6. వీఎల్‌సీ లాంటి ప్లేయర్లలో వాల్యూమ్ 100 దాటించొద్దు. స్పీకర్ నాబ్ కింద పెట్టి విండోస్ వాల్యూమ్ పూర్తిగా పెంచడం కంటే, విండోస్‌ను 80 దగ్గర ఉంచి మిగతాది నాబ్‌తో చూసుకోవడం మేలు. మైక్ గరగరమంటోందనేవాళ్లు మైక్రోఫోన్ బూస్ట్ చూసుకోండి. ప్లస్ 30 డెసిబెల్స్ మీద ఉంటే 10కి దించి, మైక్‌ను నోటికి దగ్గరగా తెచ్చుకోండి.

తర్వాత విండోస్ తనంతట తాను చేసే అలంకారాలు తీసేయండి. సెటింగ్స్ → సిస్టమ్ → సౌండ్‌లో మీ స్పీకర్ పేరు నొక్కి, ‘ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్’ ఆఫ్ చెయ్యండి. ల్యాప్‌టాప్ కంపెనీ వేసిన డాల్బీ, డీటీఎస్, వేవ్స్ లాంటి యాప్ ఉంటే అందులో కూడా ఆఫ్ చెయ్యాలి. ఇవి క్లిప్పింగ్‌కే కాదు, చిట్ చిట్‌కు కూడా కారణమవుతాయి. అదే పేజీలో ఫార్మాట్ దగ్గర 24 బిట్, 48000 హెర్ట్జ్ ఎంచుకోండి. 192000 పెడితే నాణ్యత పెరుగుతుందన్న భ్రమ చాలామందిలో ఉంది. పాట 44100లోనో, వీడియో 48000లోనో తయారై వచ్చినప్పుడు పైకి పెంచినందువల్ల కొత్తగా వినిపించేది ఏమీ లేదు, ప్రాసెసర్‌కు పని మాత్రం పెరుగుతుంది.

6. చిట్ చిట్: డేటా వేళకు అందకపోవడం

అన్నిటికంటే ఎక్కువ మందిని ఏడిపించేది ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

సౌండ్ చిప్ సెకనుకు 48000 శాంపిళ్లు తింటుంది. ఆగమంటే ఆగదు. ప్రాసెసర్ వాటిని ఒక్కొక్కటిగా అందించలేదు కాబట్టి, బఫర్‌లో కొన్ని పోసి వేరే పనికి వెళ్లి, అవి అయిపోయేలోగా తిరిగి వస్తుంది. పంక్తి భోజనంలో వడ్డించేవాడు విస్తరి ఖాళీ కాకముందే మళ్లీ రావాలి కదా, అచ్చం అలాగే. విండోస్ మామూలుగా 10 మిల్లీసెకన్లకోసారి, అంటే 480 శాంపిళ్లకోసారి వడ్డిస్తుంది. ఆ మధ్యలో వేరే డ్రైవర్ ఏదైనా ప్రాసెసర్‌ను పట్టుకుని వదలకపోతే వడ్డన ఆలస్యమవుతుంది, చిప్‌కు బఫర్ ఖాళీగా కనిపిస్తుంది, అప్పుడు చిట్‌మంటుంది. ప్రాసెసర్ వాడకం 15 శాతమే ఉన్నా ఇది జరుగుతుంది. చాలామంది టాస్క్ మేనేజర్ చూసి ‘లోడేమీ లేదే’ అనుకుని మోసపోయేది ఇక్కడే. సమస్య ఎంత పని ఉందన్నది కాదు, ఒక్కసారి ఎంతసేపు పట్టి ఉంచారన్నది.

డ్రైవర్లు ఇలా ప్రాసెసర్‌ను పట్టి ఉంచే చిన్న పనులను డీపీసీలు అంటారు. ఒక్కో డీపీసీ 100 మైక్రోసెకన్లు దాటకూడదని మైక్రోసాఫ్ట్ డ్రైవర్లు రాసేవాళ్లకు చెబుతుంది. దాటుతున్నదెవరో పట్టుకోవడానికి లేటెన్సీమాన్ అనే సాధనం ఉంది. రెస్‌ప్లెండెన్స్ సంస్థ తయారుచేసింది, ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. ముందు కంప్యూటర్‌ను ‘రీస్టార్ట్’ చెయ్యండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ వల్ల పాత స్థితే కొంత తిరిగి వస్తుంది, రీస్టార్ట్‌లో అలా కాదు. తర్వాత లేటెన్సీమాన్‌లో పచ్చ బటన్ నొక్కి, టోన్ పెట్టి, కనీసం పది నిమిషాలు మామూలుగా పని చేసుకోండి. చప్పుడు రెండు మూడుసార్లు వచ్చాక ఆపి, ‘డ్రైవర్స్’ ట్యాబ్‌లో ‘హయ్యెస్ట్ ఎగ్జిక్యూషన్’ వరస మీద నొక్కండి. అందరికంటే ఎక్కువసేపు పట్టి ఉంచినవాడు పైకొస్తాడు.

ఆ పేరును ఎలా చదవాలంటే: ఎన్‌డీఐఎస్ అని గానీ, టీసీపీఐపీ అని గానీ ఉంటే నెట్‌వర్క్, ఎక్కువసార్లు వైఫై. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై మీద రైట్‌క్లిక్ చేసి ‘డిజేబుల్’ చేసి, టోన్ వినండి. చప్పుడు చప్పున ఆగిందంటే దొంగ దొరికినట్టే. ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి కొత్త వైఫై డ్రైవర్ వేయండి. ఈమధ్య కొత్తది వేశాకే మొదలైతే డ్రైవర్ ప్రాపర్టీస్‌లో ‘రోల్ బ్యాక్’ చెయ్యండి. పేరు ఎన్‌వీతో మొదలైతే ఎన్‌విడియా గ్రాఫిక్స్. డ్రైవర్ మార్చి చూడండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ మోడ్‌ను ‘ప్రిఫర్ మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్’ చేస్తే కార్డు మాటిమాటికీ వేగం మార్చుకోవడం తగ్గి చప్పుడు పోయే సందర్భాలున్నాయి. డీఎక్స్‌జీతో మొదలయ్యే పేరు కూడా గ్రాఫిక్స్ వైపే చూపిస్తుంది. స్టోర్‌పోర్ట్ అంటే డిస్క్. ఏసీపీఐ అంటే కరెంటు, బ్యాటరీ నిర్వహణ. ల్యాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్ → బ్యాటరీస్ కింద ‘కంట్రోల్ మెథడ్ బ్యాటరీ’ని డిజేబుల్ చేసి పరీక్షించి, తర్వాత తప్పకుండా మళ్లీ ఎనేబుల్ చెయ్యండి. లేకపోతే ఛార్జింగ్ ఎంత ఉందో కనిపించదు. కారణం అదే అని తేలితే బయోస్ (బోర్డు మీదే ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఒక్కటే శాశ్వత మార్గం.

‘ప్రాసెసెస్’ ట్యాబ్‌లో హార్డ్ పేజ్‌ఫాల్ట్‌లు చాలా ఎక్కువగా కనిపిస్తే ర్యామ్ చాలక డిస్క్‌ను తవ్వుకుంటోందన్నమాట. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రాల్లో ఇది మామూలే. అక్కడ సౌండ్ సెటింగ్స్‌తో కుస్తీ పట్టడం కంటే ఎస్‌ఎస్‌డీ వేసుకుని, ర్యామ్ పెంచుకోవడమే అసలు చికిత్స.

లేటెన్సీమాన్‌లో ఎవరి పేరూ స్పష్టంగా తేలకపోతే పవర్ సెటింగ్స్ మార్చండి. సెటింగ్స్ → సిస్టమ్ → పవర్‌లో పవర్ మోడ్‌ను ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’ చెయ్యండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ జాబితా తెరిచి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద ‘లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్’ ఆఫ్, యూఎస్‌బీ కింద ‘సెలెక్టివ్ సస్పెండ్’ డిజేబుల్డ్ చెయ్యండి.

ఇప్పుడు, ఇంత దూరం వచ్చాక, సౌండ్ డ్రైవర్ సంగతి. మదర్‌బోర్డుల మీద ఎక్కువగా ఉండేవి రియల్‌టెక్ చిప్‌లు. వాటికి రియల్‌టెక్ డ్రైవర్ ఒకటి, మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాదా డ్రైవర్ ఒకటి ఉంటాయి. డివైస్ మేనేజర్‌లో రియల్‌టెక్ మీద రైట్‌క్లిక్ → అప్‌డేట్ డ్రైవర్ → బ్రౌజ్ మై కంప్యూటర్ → లెట్ మీ పిక్ దాకా వెళ్లి, ‘హై డెఫినిషన్ ఆడియో డివైస్’ ఎంచుకోండి. జాక్ పెట్టగానే వచ్చే పాపప్, కంపెనీ ఈక్వలైజర్ పోతాయి. దానికి బదులు చిటపట పోతే అది లాభసాటి బేరమే. నచ్చకపోతే అదే దారిలో వెనక్కి రావచ్చు.

7. యంత్రమంతా బిగుసుకుపోతుంటే బయోస్

ఏఎమ్‌డీ రైజెన్ వాడేవాళ్లు ఈ రెండు విషయాలూ తెలుసుకోవాలి. 2021 ఫిబ్రవరిలో, 500 సిరీస్ మదర్‌బోర్డుల్లో యూఎస్‌బీ పరికరాలు మధ్యమధ్య తెగిపోతున్నాయని ఏఎమ్‌డీ ఒప్పుకుంది. యూఎస్‌బీ సౌండ్ కార్డులు చిటపటమనడం అందులో భాగమే. అజీసా (బయోస్‌లో ఏఎమ్‌డీ రాసిన భాగం) 1.2.0.2 ఉన్న బయోస్‌తో దానికి పరిష్కారం ఇచ్చింది. 2022 మార్చిలో మరొకటి ఒప్పుకుంది: ఎఫ్‌టీపీఎమ్ అనే భద్రతా భాగం బోర్డు మీది ఫ్లాష్ చిప్‌తో మాట్లాడేటప్పుడు కంప్యూటర్ మొత్తం క్షణకాలం ఆగి, సౌండ్ కూడా తడబడుతుందని. అజీసా 1.2.0.7తో అది సర్దుకుంది. అప్పటి రైజెన్ యంత్రం మీ దగ్గర ఉండి, ఒక్కసారీ బయోస్ అప్‌డేట్ చెయ్యకపోతే ముందు ఈ పని చెయ్యండి. కరెంటు పోయే అవకాశం ఉన్న వేళ చెయ్యొద్దు. యూపీఎస్ ఉండాలి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచాలి.

బోర్డుకూ సౌండ్‌కూ పొసగకపోవడం కొత్తది కాదు. 2001 ప్రాంతంలో వీఐఏ 686బీ చిప్ ఉన్న బోర్డుల మీద సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డు చిటపటమనేది. 2005లో వచ్చిన ఎక్స్-ఫై కార్డులకు ఎన్‌ఫోర్స్ 4 బోర్డులతో అదే తంటా వచ్చింది. అంటే, కార్డు మంచిదైనా, బోర్డు మంచిదైనా, జోడీ కుదరకపోవచ్చు. విడిగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ సౌండ్ కార్డు వేసుకున్నవాళ్లు దాన్ని గ్రాఫిక్స్ కార్డుకు దూరంగా ఉన్న స్లాట్‌లోకి మార్చి చూడాలి.

8. యూఎస్‌బీ సౌండ్ కార్డులు, ఇంట్లో రికార్డింగ్

యూఎస్‌బీ సౌండ్ కార్డును (రికార్డింగ్ వాళ్లు ఇంటర్‌ఫేస్ అంటారు) హబ్‌లో పెట్టకండి. నేరుగా బోర్డు వెనక పోర్టుకు, పొట్టి కేబుల్‌తో తగిలించండి. అదే హబ్ మీద వెబ్‌క్యామ్, హార్డ్‌డిస్క్ కూడా ఉంటే చిటపట వచ్చే అవకాశం ఎక్కువ.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ సైజు మన చేతిలో ఉంటుంది. 48000 హెర్ట్జ్ దగ్గర 64 శాంపిళ్లంటే 1.3 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3, 1024 అంటే 21.3. విస్తరి చిన్నదైతే వడ్డించేవాడు ఎక్కువసార్లు తిరగాలి. పాడుతూ మన గొంతు మనకే హెడ్‌ఫోన్లో వినిపించాల్సినప్పుడు 128 లేదా 256 పెట్టుకోండి. మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు 1024కు పెంచెయ్యండి, అప్పుడు ఆలస్యంతో ఇబ్బంది లేదు.

కొందరు యూఎస్‌బీ మైక్‌లో పాడుతూ, ల్యాప్‌టాప్ జాక్‌లో వింటుంటారు. రెండు పరికరాలకూ రెండు గడియారాలు. ఒకటి సెకనుకు 48000 లెక్కపెడితే ఇంకోటి 48001 లెక్కపెట్టిందనుకోండి. సెకనుకో శాంపిల్ చొప్పున తేడా పేరుకుని, 480 శాంపిళ్ల బఫర్ 8 నిమిషాల్లో ఖర్చవుతుంది. అప్పుడు ఒక చిట్. మళ్లీ 8 నిమిషాలకు ఇంకొకటి. గడియారం కొట్టినట్టు సమానమైన వ్యవధిలో చప్పుడు వస్తుంటే లేటెన్సీమాన్‌తో పనిలేదు. మైక్, హెడ్‌ఫోన్ రెండూ ఒకే ఇంటర్‌ఫేస్‌లో పెట్టండి. ఆప్టికల్ వైరుతో రెండు పరికరాలు కలిపితే ఒకదాని గడియారాన్ని రెండోది అనుసరించేలా సెట్ చెయ్యండి.

9. లినక్స్‌లో

ఇప్పటి లినక్స్‌లలో సౌండ్ బాధ్యత పైప్‌వైర్‌ది. ఫెడోరాలో 34 నుంచి, ఉబుంటులో 22.10 నుంచి అదే. టెర్మినల్‌లో పీడబ్ల్యూ-టాప్ నడిపితే ‘ఈఆర్ఆర్’ అనే నిలువు వరస కనిపిస్తుంది. టోన్ నడుస్తుండగా ఆ అంకె పెరుగుతుంటే బఫర్ ఖాళీ అవుతోందన్నమాట. ఎవరి వరసలో పెరుగుతోందో ఆ ప్రోగ్రామే అనుమానితుడు. ‘క్వాంటమ్’ అంటే ఇక్కడ బఫర్ సైజు. ఏదో గేమో, యాపో దాన్ని బాగా కిందికి లాగుతుంటే కాన్ఫిగరేషన్‌లో కనీస క్వాంటమ్‌ను 512కో 1024కో పెంచండి.

నిశ్శబ్దం తర్వాత టప్‌మనే చప్పుడుకు కారణం హెచ్‌డీఏ ఇంటెల్ డ్రైవర్‌లోని ‘పవర్ సేవ్’ అమరిక. దానికి సున్నా ఇస్తే చిప్ నిద్రపోదు, టప్ ఉండదు. బ్యాటరీ ఆదాకు టీఎల్‌పీ వేసుకున్నవాళ్లు దాని సెటింగ్‌లో కూడా సౌండ్ పవర్ సేవ్‌ను సున్నా చెయ్యాలి, లేకపోతే మీరు మార్చినదాన్ని అది మళ్లీ వెనక్కి తిప్పుతుంది.

10. ఏదీ కుదరకపోతే

జాక్ స్ప్రింగు వదులైపోయినా, బోర్డు మీది సౌండ్ భాగం పాడైనా సాఫ్ట్‌వేర్ ఏమీ చెయ్యలేదు. లినక్స్ పెన్‌డ్రైవ్‌లో కూడా, వేరే హెడ్‌ఫోన్‌తో కూడా, బ్యాటరీ మీద కూడా జాక్‌లో మాత్రమే చప్పుడు వస్తుంటే ఆ నిర్ణయానికి రావచ్చు. పాత స్పీకర్లలోనైతే మూత తెరిచినప్పుడు కెపాసిటర్ల పైభాగం ఉబ్బి కనిపిస్తే అవి మార్చాలి. అందులో కరెంటు నిలవ ఉంటుంది కాబట్టి ఆ పని మెకానిక్‌కే అప్పగించండి.

జాక్ కోసం మదర్‌బోర్డు మార్పించుకోవద్దు. కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ బోర్డు మీది జాక్‌ను పక్కకు తప్పించి, డాక్‌ను క్యాబినెట్ బయటికి తెస్తుంది. రోజూ పాటలు వినడానికి, ఆన్‌లైన్ క్లాసులకు అది చాలు. కానీ 6వ అడుగులోని డీపీసీ జాప్యం మీ సమస్య అయితే ఏ అడాప్టర్ కొన్నా అదే చిట్ చిట్ వెంట వస్తుంది. కొనేముందు ఎవరిదైనా యూఎస్‌బీ హెడ్‌సెట్ ఒక సాయంత్రం అడిగి తెచ్చుకుని పరీక్షించండి.

వారంటీలో ఉన్న యంత్రాన్ని సర్వీసుకు ఇస్తుంటే ‘సౌండ్ సరిగ్గా లేదు’ అని రాయించొద్దు. కౌంటర్ దగ్గర రెండు నిమిషాల పాటకు చప్పుడు రాకపోతే ‘లోపం కనబడలేదు’ అని తిరిగి ఇచ్చేస్తారు. 440 హెర్ట్జ్ టోన్ ఫైలును డెస్క్‌టాప్ మీద ఉంచండి. చప్పుడు వస్తుండగా ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి. ఏ జాక్‌లో వస్తోంది, ఎంతసేపటికి వస్తోంది, ఛార్జర్ ఉంటేనా లేకపోతేనా, లినక్స్‌లో కూడా వస్తోందా అన్న నాలుగు ముక్కలు జాబ్ షీటు మీద రాయించి, దాని కాపీ అడిగి తీసుకోండి.